రెండో అర

కొల్లేరులో పక్షుల్ని చూడాలంటే కావలసినవి నాలుగే. ఒక బైనాక్యులరు, ఒక నీళ్ళ సీసా, కాస్త ఓపిక, వీటిని మొయ్యడానికి భుజాన వేలాడేసుకునే గట్టి సంచి. మొదటి మూడూ నా దగ్గర తొమ్మిదేళ్ళుగా ఉన్నాయి. సంచే కుదరలేదు.

నేను ఏలూరులో ఒక కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. మొదట్లో కాలేజీకి తీసుకెళ్ళే లెదరు బ్యాగునే కొల్లేరుకీ తీసుకెళ్ళేవాణ్ణి. ఒకసారి అది దోనె అడుగున నిలిచిన నీళ్ళలో ఒక పూట కూర్చుంది. తర్వాత వారం రోజులు స్టాఫ్ రూములో ఎవరూ ఏమీ అనలేదు. నా పక్క కుర్చీ మాత్రం ఖాళీగా ఉండేది. రెండోది ఆన్‌లైన్లో కొన్నాను. ఎంత వానలో తడిసినా చుక్క నీరు కూడా దాటదని దాని మీద రాశారు. వాళ్ళు రాసింది సగం నిజం. లోపలికి వెళ్ళిన నీళ్ళు చుక్క కూడా బయటికి రాలేదు.

ఈ రెండు సంచుల చావునీ దగ్గరుండి చూసినవాడు నా మిత్రుడు. మా వీధే. ఇరిగేషన్ ఆఫీసులో పని. తొమ్మిదేళ్ళుగా చలికాలం ఆదివారాలు తెల్లారగట్ల ఆయన స్కూటరు మా గుమ్మం ముందు ఆగేది, ఇద్దరం లంక రేవుకి వెళ్ళేవాళ్ళం, అక్కడ మా దోనె ఆయన గెడ పట్టుకుని సిద్ధంగా ఉండేవాడు. బైనాక్యులరు నాది, టెలిస్కోపు ఆయనది. ఇంట్లో వాళ్ళు పెట్టిన టిఫిను ఉమ్మడిది. వారమంతా నేను ఆ ఆదివారం కోసమే పాఠాలు చెప్పేవాణ్ణంటే పిల్లలు నొచ్చుకుంటారు గానీ, చెప్పిన తీరు చూసి వాళ్ళకి ఈపాటికే తెలిసి ఉంటుంది.

పోయిన వానాకాలం, వాళ్ళ అరుగు మీద కూర్చుని, ఇక సంచి మనమే కుట్టించుకోవాలని తీర్మానించాం. నాలుగు సాయంత్రాలు పట్టింది. ధాన్యం రాశుల మీద కప్పే బరకం బట్ట. అడుగున రబ్బరు షీటు. నాలుగు వేళ్ళ వెడల్పు నవారు పట్టీ, మెడ ఒరుసుకోకుండా లోపల మెత్త. పై నుంచి మడిచి కప్పే మూత, జిప్పు లేదు. చెమ్మకి జిప్పు బిగుసుకుపోతుంది. ముందు రెండు అరలు: మొదటిది నా బైనాక్యులరు కొలతకి, రెండోది ఆయన టెలిస్కోపు కొలతకి, లోతుగా.

“ఇద్దరికీ ఒకటే సంచి చాలండీ. వెళ్ళేటప్పుడు మీరు మొయ్యండి, వచ్చేటప్పుడు నేను మోస్తాను,” అన్నారాయన.

వచ్చేటప్పటికి టిఫిను డబ్బా, నీళ్ళ సీసా ఖాళీ అవుతాయన్న సంగతి నాకు రెండు రోజుల తర్వాత తట్టింది. అయినా ఒప్పుకున్నాను. బొమ్మ గీసింది నేనే, హాజరు పుస్తకం వెనక పేజీలో. ఆ పేజీ చింపి, టైలరుకి చూపిస్తానని ఆయన జేబులో పెట్టుకున్నారు.

చలికాలం వచ్చింది. సంచి రాలేదు, స్కూటరూ రాలేదు. నేనే వెళ్ళాను.

“మోకాలండీ,” అన్నారు కుర్చీలోంచి లేవకుండానే. “దోనెలో ముడుచుకుని కూర్చోలేను. ఈ ఏడాదికి వదిలెయ్యండి.”

మర్నాడు నొప్పుల నూనె తీసుకెళ్ళి ఇచ్చాను. ఎలా రాయాలో కూడా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. ఆయన లేకుండా కొల్లేరుకి వెళ్ళడం బాగుండదని నేనూ మానేశాను. ఎనిమిది ఆదివారాలు ఇంట్లో ఉన్నాను. మా ఆవిడ రెండో ఆదివారానికే ఫ్యాన్లు తుడవమంది.

తొమ్మిదో వారం నాకొక ఆలోచన వచ్చింది. సంచి కుట్టించి ఆయన మోకాలు తగ్గే వేళకి చేతిలో పెడితే బాగుంటుంది కదా అని. బొమ్మ జ్ఞాపకం మీద మళ్ళీ గీసుకుని టైలరు దగ్గరికి బయల్దేరాను.

ఈ టైలరు గారు ఆటోలకి టాపులూ సీటు కవర్లూ కుడతారు. మనుషులకి కుట్టరు. మనుషులు నెలనెలా కొలతలు మారుస్తారని ఆయన ఫిర్యాదు. ఆయన పద్ధతి ఒకటుంది. ఏది కుట్టినా ముందు దాని ముక్కలు అట్ట మీద కత్తిరించుకుని, పని అయ్యాక ఆ అట్టల్ని దారంతో కట్టి గోడ మేకుకి తగిలిస్తారు. వాళ్ళ నాన్నగారి కాలం నాటి అట్టలు కూడా ఆ గోడ మీద ఉన్నాయి. ఆ ఆటోలు ఇప్పుడు లేవు.

నా కాగితం చూసి ఆయన నవ్వారు.

“మళ్ళీ బొమ్మ ఎందుకండీ? మీ అట్ట ఇక్కడే ఉంది కదా.”

లేచి మేకు నుంచి ఒక కట్ట తీశారు. దానికి నా హాజరు పుస్తకం పేజీ గుండుసూదితో గుచ్చి ఉంది. నా చేతిరాతే. వెనక వైపు నా సెకండియర్ విద్యార్థుల గైర్హాజరీ కూడా ఉంది.

“మీ ఫ్రెండు గారు కార్తీకంలోనే పట్టుకెళ్ళారు కదండీ. ఎలా ఉందండీ మీ ఇద్దరి సంచీ? మీరు బైనాక్యులరు మార్చారటగా, పెద్దది కొన్నారని మొదటి అర రెండు వేళ్ళు వెడల్పు పెట్టించారాయన. సరిపోయిందా?”

నేను బైనాక్యులరు మార్చలేదు.

“బాగుందండీ,” అన్నాను. “బాగా సరిపోయింది.”

“మరి రెండోది ఎవరికండీ?”

“ఇంకొకాయనకి,” అన్నాను. కాసేపటికి గానీ అది నేనేనని తట్టలేదు. “ఆయన బైనాక్యులరు చిన్నది. అర పాత కొలతకే పెట్టండి.”

ఇంటికి నడుస్తూ రెండు వేళ్ళ గురించే ఆలోచించాను. నాకు తెలిసి అంత పెద్ద బైనాక్యులరు ఈ చుట్టుపక్కల ఒక్కరి దగ్గరే ఉంది. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసే మా బావమరిది దగ్గర. రెండేళ్ళ క్రితం కొని, నన్నూ కొల్లేరు తీసుకెళ్ళండి బావగారూ అని అడిగాడు. దీనితో గూడెంలో మేడెక్కి చూసినా కొల్లేరు కనిపిస్తుంది కదా, అంత దూరం రావడం ఎందుకన్నాను. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. తర్వాత నేనూ మిత్రుడూ అనుకున్నాం: ఉల్లిపాయల వేలం పాడిన గొంతు అది, దోనెలో విప్పితే పక్షులన్నీ వచ్చిన దేశానికే తిరిగి వెళ్ళిపోతాయని. అన్నది నేను. మిత్రుడు నవ్వారు. ఇప్పుడు గుర్తు చేసుకుంటే మరీ ఎక్కువ నవ్వలేదు.

మా ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

“మీ తమ్ముడు ఆదివారాలు ఏం చేస్తున్నాడు?” అన్నాను.

చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. “మీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నువ్వే చెప్పావు.”

“బాధపడతారని చెప్పలేదండీ.”

“చెప్పకపోతే బాధపడనా?”

“తెలిస్తేనే కదండీ బాధ,” అంది. ఎకనామిక్స్ చదివిన నాకు ఈ వాదనలో తప్పు ఎక్కడుందో ఇప్పటికీ దొరకలేదు.

ఆ ఆదివారం పొద్దున్నే ఆటోలో రేవుకి వెళ్ళి గట్టు మీద నిలబడ్డాను. ఎండ చురుక్కుమనే వేళకి చేపల చెరువుల వైపు నుంచి దోనె వచ్చింది. ముందు మా బావమరిది దిగాడు. భుజాన సంచి. బరకం బట్ట, నాలుగు వేళ్ళ పట్టీ, నేను గీసినట్టే ఉంది. నిజం చెప్పాలంటే గీసినదానికన్నా బాగుంది. వెనకే మిత్రుడు దోనె అంచు మీద కాలు పెట్టి గట్టు మీదికి ఒక్క గెంతు గెంతారు. నన్ను చూశాక ఆ కాలే పట్టుకున్నారు.

“మోకాలు ఎలా ఉందండీ?” అన్నాను.

“తగ్గిందండీ.”

“నూనె పనిచేసింది.”

దోనె ఆయన గెడ గుచ్చి, నన్ను చూసి సంబరపడ్డాడు. “మేస్టారూ! ఒంట్లో కులాసాగా ఉందాండీ? ఈ ఏడాది మీకు బొత్తిగా బాగోలేదంటగా, వీరు చెప్పారు. ఎండలో నిలబడకండి.”

అంటే ఆయన మోకాలి సంగతి నాకు, నా జబ్బు సంగతి దోనె ఆయనకి. రెండు ఇళ్ళ ఆరోగ్యమూ ఒక్క మనిషే చూసుకున్నాడు.

మా బావమరిది “నేను కారు దగ్గరుంటా” అని మెల్లగా చెప్పి వెళ్ళిపోయాడు. అతను మెల్లగా మాట్లాడగలడని నాకు అప్పుడే తెలిసింది.

మిత్రుడు నీళ్ళ వైపు తిరిగారు. “ఏవండీ, నేను చెప్పేది కాస్త వినండి. మీతో వస్తే కడుపుబ్బా నవ్వుతానండీ. అందులో అబద్ధం లేదు. ఇంటికెళ్ళాక మా ఆవిడ ఇవాళ ఏం చూశారని అడుగుతుంది. ఒక్క పిట్టా గుర్తు రాదు. మీరన్న మాటలే గుర్తొస్తాయి. ప్రతి పక్షికీ ఒకటి అంటారు మీరు. అది ఎగిరేలోపే అంటారు. నాకు రిటైరయ్యేలోపు కొల్లేరు ఒకసారి చూడాలని ఉందండీ. మీ బావమరిది గారు దోనె ఎక్కితే నోరు విప్పరు.”

“ఈత రాదు కదండీ,” అన్నాను, “భయం అయ్యుంటుంది.”

ఆయన నా వైపు తిరిగారు. కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

“అదిగోనండీ,” అన్నారు.

కాస్త దూరంలో నీళ్ళలో పాతిన గూటం మీద ఒక నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటూ కూర్చుని ఉంది. దాని మీద నా దగ్గర తయారుగా ఒకటుంది. అనలేదు.

“ఈ మాట కార్తీకంలో చెప్పొచ్చు కదండీ,” అన్నాను.

“ఎలా చెప్పనండీ? చెబితే దాని మీదా ఒకటంటారు. నేను నవ్వేస్తాను. అక్కడితో అయిపోతుంది.” కాలి బురద గట్టుకి రాస్తూ, “వచ్చే వారం ముగ్గురం వెళదామా?” అన్నారు.

“చూద్దామండీ,” అన్నాను. మా వైపు చూద్దామండీ అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు.

ఆయన చెప్పింది తప్పని నేను అనను. తొమ్మిదేళ్ళు నవ్విన మనిషి, నవ్వు ఇక చాలని చెప్పలేక మోకాలు అడ్డం పెట్టుకున్నాడు. నేను ఆ మోకాలికి నూనె తెచ్చాను. ఆ సీసా తీసుకున్నప్పుడైనా ఆయన నోట ఒక మాట రావచ్చు కదా. రాలేదు. పైగా రోజుకి ఎన్నిసార్లు రాయాలని అడిగారు.

వారం తర్వాత సంచి కోసం వెళ్ళాను. టైలరు గారు సంచి ముక్కలు మిషను మీద పెట్టి, ఇంకా కుట్టకుండా నా కోసం ఆపారు.

“మొదటి సంచి నా దగ్గర లేదండీ,” అన్నాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఆయన అడగలేదు.

“ఆ రోజు మీ మొహం చూసే అనుకున్నానండీ,” అన్నారు. “అందుకే ఆపాను. ఈ టెలిస్కోపు అర ఉంచమంటారా, తీసెయ్యమంటారా? తీసేస్తే సంచి తేలికవుతుంది.”

ఇక్కడ ఒకటి అనొచ్చు. అనలేదు. “ఉంచండి,” అన్నాను.

ఆ తర్వాతి ఆదివారం, వాళ్ళిద్దరూ వెళ్ళి వచ్చేశాక, మధ్యాహ్నం పూట ఒక్కణ్ణే దోనె ఎక్కాను. ముందు నా సంచి. దోనె అడుగున నీళ్ళున్నాయి, సంచి లోపలికి రాలేదు. దోనె ఆయన రెండు మూడుసార్లు వెనక నుంచి, “ఏంటండీ మేస్టారూ, ఏమీ అనట్లేదు? ఇంకా నీరసంగా ఉందాండీ?” అని అడిగి, గెడ వేస్తూ పోయాడు.

తూటి పొదల పక్కన ఒక నత్తగుల్లకొంగ నిలబడి ఉంది. తొమ్మిదేళ్ళుగా దాన్ని నేను పెన్షను కాగితాల కోసం ఆఫీసు ముందు నిలబడ్డ రిటైర్డ్ హెడ్మాస్టరు అంటూ వచ్చాను. మిత్రుడు ప్రతిసారీ నవ్వేవారు. ఆ రోజు నవ్వేవాళ్ళు లేరు కాబట్టి చూశాను. ముక్కు మూసుకునే ఉంది. అయినా పై ముక్కుకీ కింద ముక్కుకీ మధ్యలో సన్నటి సందు. ఆ సందులోంచి అవతలి నీళ్ళు కనిపిస్తున్నాయి. ఇన్నేళ్ళూ అది అక్కడే ఉంది.

ఆయనకి తెలుసా ఈ సంగతి అనిపించింది. చెప్పాలని ఫోను తీశాను. పేరు దాకా వెళ్ళాను. మోకాలు గుర్తొచ్చింది. ఫోను రెండో అరలో పెట్టేశాను. టెలిస్కోపు కొలతకి కుట్టిన అర కదా, అడుక్కంటా జారిపోయింది.