సాలూరు లారీ అనే పేరుతో

మొన్న ఉదయం విశాఖలో, పాలప్యాకెట్టు తీసుకుందామని గుమ్మంలోకి వచ్చి నిలబడితే, పక్కింటివాళ్ల కొత్త కరెంటు కారు నా ముందునుంచే వెళ్లిపోయింది గాని, దాటేదాకా నాకు తెలియనే లేదు. చప్పుడు లేదు, పొగ లేదు, చలి ఉదయాల్లో దగ్గి దగ్గి అందుకునే ఇంజను బెట్టు అసలే లేదు. చోకు లాగి, కాసేపు ఆగి, మళ్లీ తాళం తిప్పి కారును నిద్రలేపడం ఎరిగిన మన తరానికి అదొక వెలితిగానే తోస్తుంది. శాలువా కప్పుకుని అక్కడే నిలబడిపోయాను. అరకులో ఒంటరిగా గడిపిన చలికాలాలు, వాటిలో ఒకదానిలో నాకు దొరికి, చెయ్యిజారిపోయిన ఒక స్నేహం గుర్తుకొచ్చాయి.

మాది సాలూరు. మా నాన్నకు లారీలకు బాడీలు కట్టే షెడ్డు ఉండేది. కొత్త లారీ మా ఊరు చేరేసరికి ఇంజను, చక్రాలు, ఒక స్టీరింగు, అంతే. గోడలూ కప్పూ రంగులూ మా షెడ్డులోనే పుట్టేవి. బడినుంచి రాగానే ఆ తలుపుల్లేని లారీ ఎక్కి స్టీరింగు పట్టుకుని కూర్చునేదాన్ని. "ఆడగుంటవి, నీకేటే స్టీరింగు? దిగు బేగి" అని నాన్న కేకేసేవాడు, కోపంతో కాదు, లోకరీతి అదేనన్నట్టు. దిగేదాన్ని గాని మనసు మాత్రం అక్కడే ఉండిపోయేది. తొంభైలలో, అంబాసిడర్‌లాంటి రెండు మూడు రకాలు తప్ప కారు ఎరగని మన రోడ్లమీదికి ఒకదాని వెనక ఒకటి విదేశీ కార్లు దిగుతుంటే, తోటి ఆడపిల్లలు చీరల అంచులు పోల్చుకున్నట్టు నేను వాటి గేర్లూ బ్రేకులూ పోల్చుకునేదాన్ని. టెలిఫోన్ల శాఖలో ఉద్యోగం వచ్చాక డ్రైవింగు నేర్చుకున్నాను. లైసెన్సు వచ్చింది గాని కారు కొనే స్తోమత రాలేదు. పెళ్లిమాటలు వచ్చి వచ్చి ఆగిపోయాయి, నాన్న పోయాడు, షెడ్డు మూతపడింది. నలభై దాటాక నన్ను అరకు ఎక్స్ఛేంజికి బదిలీ చేశారు.

పొలాల్లో పసుపుపచ్చగా వలిసెపూలు విరగబూసినన్నాళ్లూ అరకు నిండా జనమే. పూలు రాలాక, పొగమంచు పొద్దెక్కినా వదలని రోజుల్లో, క్వార్టర్సులో మనిషి గొంతు వినబడాలంటే రేడియో పెట్టుకోవాల్సిందే. అలాంటి రోజుల్లో మా ఎక్స్ఛేంజికి బ్రాడ్‌బ్యాండు వచ్చింది. మొదటి కనెక్షన్లలో ఒకటి నేనే పెట్టించుకుని, విశాఖ వెళ్లి కంప్యూటరుకు తగిలించే స్టీరింగు కొనుక్కొచ్చి భోజనాల బల్లకు బిగించాను, పెడళ్లు బల్ల కింద. తెరమీద కారు, ఎదురుగా ఎక్కడెక్కడివాళ్లో నడిపే కార్లు, పందెం. కట్టెలు తెచ్చిపెట్టిన లైన్‌మన్ భార్య, ఆ కొండమనిషి, కాసేపు చూసి, "బండి ఏదమ్మా? ఉత్త చక్రమే తిప్పుతున్నావు" అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఆటలో ప్రతివాళ్లూ ఒక పేరు పెట్టుకోవాలి. నేను "సాలూరు లారీ" అని పెట్టుకున్నాను. ఒక ఆదివారం నన్ను వెనకనుంచి గుద్ది దాటిపోయిన ఒకతను, పందెం అయ్యాక ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాడు: "సాలూరా! మాది పార్వతీపురం, బావా!" ఆ పేరు చూసి మగవాడే అనుకున్నాడు, నేను అవుననలేదు, కాదనలేదు. మద్రాసు దగ్గర ఒక కార్ల కర్మాగారంలో పని అతనికి. వరుసలో కదిలివచ్చే ప్రతి కారుకీ ఎడమ తలుపు బిగించాలి, ఎడమదే. "ఇన్ని కార్లు సేసినాను గానీ బావా, ఒక్క కారూ నేను సేసిందని సెప్పుకోడానికి లేదు" అని రాశాడొకసారి. మా నాన్న షెడ్డులో ఒక్క మేస్త్రీ మొదటి చెక్కనుంచి చివరి రంగుదాకా లారీని ఎలా పూర్తిచేసేవాడో రాస్తే, మళ్లీ మళ్లీ అడిగి రాయించుకున్నాడు.

ఇక పందెమంటే అతనికి కనికరం లేదు. ఆటలోని కొండదారి దిగుడులో ఒక పాములాంటి మలుపు ఉండేది. అక్కడ నేను ఆఖరి క్షణందాకా బ్రేకు తొక్కేదాన్ని కాదు, అతను సందు దొరికితే చాలు నన్ను రోడ్డు దిగ్గొట్టేసేవాడు. ఓడితే తిట్టేవాడు, గెలిస్తే ఎగతాళి చేసేవాడు. ఆఫీసులో మేడమ్‌ని, బంధువులకి పాపం పెళ్లికానిదాన్ని, ఆ మలుపులో మాత్రం ఎవరూ జాలిపడని మనిషిని. ఆ సుఖం ఎలాంటిదో చెప్పడం కష్టం.

చలికాలం మధ్యలో అతను సెలవు మీద ఇంటికొచ్చి, అరకు వచ్చి చూస్తానన్నాడు. రెండు రోజులు తటపటాయించి రమ్మన్నాను. విశాఖ ప్యాసింజరు మంచులోంచి వచ్చి ఆగింది. మఫ్లరు చుట్టుకున్న పాతికేళ్ల కుర్రవాడు సంచీతో దిగి, నన్ను దాటుకుంటూ వెళ్లి, ప్లాట్‌ఫారం మీద ప్రతి మగవాడి ముఖమూ చూస్తున్నాడు. నేనే పిలిచాను.

"బావ రాలేదాండీ?" అన్నాడు.

"బావ లేడు బాబూ. సాలూరు లారీని నేనే."

గబుక్కున మఫ్లరు విప్పి చేతుల్లోకి తీసుకున్నాడు. "అయ్యబాబోయ్! ఇన్నాళ్లూ ఏటేటో తిట్టీసినాను. తప్పయిపోనాది మేడమ్, ఏటనుకోకండి."

బావకోసం తెచ్చిన మందుసీసా సంచీలోంచి తొంగిచూస్తుంటే దాన్ని కాళ్లమధ్య దాచుకుని, మా ఇంట్లో కుర్చీ అంచుమీద కూర్చున్నాడు. భోజనం పెట్టాను. స్టీరింగు చూపించి, నువ్వొక చుట్టు, నేనొక చుట్టు తిప్పుదాం రమ్మన్నాను. "మీరు ఆడండి మేడమ్, నేను సూత్తాను" అన్నాడు. ఎదురుగా చేతులు కట్టుకు నిలబడ్డ మనిషిని పెట్టుకుని ఏం ఆడతాను? మధ్యాహ్నం బండికే వెళ్లిపోయాడు. మంచివాడు, ఎక్కేముందు వంగి నా కాళ్లకు దణ్ణం పెట్టాడు.

తరువాతి ఆదివారం మళ్లీ పందెంలోకి వచ్చాడు. దిగుడు మలుపులో అతని గుద్దుకోసం స్టీరింగు బిగించి పట్టుకుని ఎదురుచూశాను. అతను పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. కావాలనే నెమ్మదించాను, తనూ నెమ్మదించాడు. గెలిచాను. "బాగా నడిపారండి మేడమ్" అని తెరమీద అక్షరాలు వచ్చాయి. ఎప్పట్లాగే ఆడు, గుద్దు అని రాశాను. "అలాగెలా కుదురుతాదండి, మీరు మా అక్కలాంటోరు" అన్నాడు. ఆపై వచ్చిన ప్రతి పందెమూ నేనే గెలిచాను. కొన్నాళ్లకు షిఫ్టులు మారాయని అతను తగ్గించాడు. గెలుపులు మింగుడుపడక నేనూ మానేశాను. వేరే పేరుతో వేరేవాళ్లతో ఆడిచూశాను గాని, ఎవరూ పలికేవాళ్లు కారు.

పదవీ విరమణ అయ్యాక చిన్న కారు కొనుక్కున్నాను. ఇప్పటికీ చలికాలంలో ఒక్కదాన్నే ఘాట్ రోడ్డెక్కుతాను. రోడ్డు వెడల్పైంది, కార్లు బలిశాయి, ఆడమనిషి స్టీరింగు పట్టుకుంటే తిరిగి చూసేవాళ్లూ లేరు. వెనకనుంచి దూసుకొచ్చే కుర్రాళ్లు అద్దంలో నా తెల్లజుట్టు కనబడగానే హారను ఆపి, పెద్దామె పోనీ పాపమని ఆగుతారు. ఎంత మర్యాదో! చెయ్యెత్తి కృతజ్ఞత చెబుతాను కూడా. కానీ నన్ను ఓడించాలని మనస్ఫూర్తిగా పట్టుబట్టిన మనిషి మాత్రం, ఆ చలికాలం తరువాత ఇంకెవరూ తారసపడలేదు.