ఆగమ్మ రాయించిన కాగితం

గెలిచిన మూడో రోజు పొద్దున ఆగమ్మ ఎప్పటిలాగే పాల క్యాను పట్టుకొని గల్లీలోకి దిగింది. మొదటి ఇంటి ముందు నిలబడి "పాలూ..." అని కేకేస్తే లక్ష్మీకాంతమ్మ బయటికి వచ్చింది. చేతిలో గిన్నె లేదు, మడత పెట్టిన కాగితం ఉంది.

"నల్లా నీళ్లు రాక నాలుగు రోజులాయె, ఆగమ్మా. జర సూడు."

రెండో ఇంట్లో రేషన్ కార్డు. మూడో ఇంట్లో ముసలాయన పింఛను. నాలుగో ఇంటామె దగ్గర కాగితం ఏమీ లేదు. మేకపోతు రెండు రోజుల నుంచి కనిపించడం లేదని చెప్పి, "కార్పొరేటరమ్మవు గదా, నీకు చెప్పక ఇంకెవరికి చెప్పాలె?" అంది. తిరిగి ఇల్లు చేరేసరికి క్యానులో పాలు సగానికి సగం అట్లాగే ఉన్నాయి. కొంగున మూట కట్టుకొచ్చిన కాగితాల్ని మంచం మీద పరిచి, ఏది ఎవరిదో గుర్తు చేసుకోబోయింది. చదువు రాదు. అన్నీ ఒక్క తీరుగానే ఉన్నాయి.

"ఏమయ్యా, గీ నల్లా నా పనేనా?" అని మొగుణ్ణి అడిగింది.

బర్రె కాళ్ల దగ్గర గొంతుక్కూర్చొని పాలు పిండుతున్న సోమయ్య తల ఎత్తలేదు. "నాకేం ఎరుక. నిలబడినదానివి నువ్వు," అన్నాడు.

అది ఎనభై ఆరో సంవత్సరం. పట్నంలో బల్దియాకు, అంటే నగరపాలక సంస్థకు, అంతకు ముందు ఎన్నికలు జరిగి పదిహేనేళ్లు దాటింది. ఇన్నేళ్లూ ఆఫీసర్లే చూసుకున్నారు కాబట్టి, కార్పొరేటర్ అంటే ఏం చేస్తాడో, ఏం చేయడో వాళ్ల బస్తీ గౌలిపురలో ముసలివాళ్లకే సరిగా గుర్తు లేదు. ఆగమ్మకు అసలే తెలియదు. ఆమెకు యాభై దాటాయి. పుట్టింది ఆ గల్లీల్లోనే, కోడలిగా వచ్చిందీ ఆ గల్లీల్లోనే. పుట్టింట్లో బర్రెలు, అత్తింట్లో బర్రెలు. ఎన్నికలు వచ్చినప్పుడు పై గల్లీలో ఇద్దరు మొగవాళ్లు నేనంటే నేనని పోటీకి దిగి, మాటా మాటా పెరిగి, ఒకరికి ఇంకొకరి మనుషులు ఓటు వేసేది లేదని ఒట్లు పెట్టుకునే దాకా పోయింది. ఆ లొల్లి తెగక పెద్దమనుషులు తలలు పట్టుకొని కూర్చుంటే, ఆగమ్మ మరిది దుర్గయ్య లేచాడు.

"మా వదినెను నిలబెడదాం. పాలల్ల నీళ్లు కలుపదని పేరున్నది. గీ బస్తీల గంతకన్న మంచి పేరు ఎవ్వరికున్నది?"

అందరూ నవ్వారు, ఆ నవ్వులోనే ఒప్పుకున్నారు. తలూపమంటే ఆమె తలూపింది, వేలిముద్ర వేయమన్నచోట వేసింది. ఓట్ల రోజు వేళ తప్పకుండా బర్రెలకు మేత వేసి, ఓటు వేసి వచ్చి, సాయంత్రానికి మరిచిపోయింది. గెలిచిందని దుర్గయ్య పూలదండ తెస్తే, ఎవరో చచ్చిపోయారేమో అనుకుంది ముందు.

బల్దియా మొదటి సభకు ఇస్త్రీ చీర కట్టుకొని పోయింది. పెద్ద హాలు, పైన ఫ్యాన్లు. ఒకాయన ఉర్దూలో మాట్లాడితే ఇంకొకాయన ఇంగ్లీషులో జవాబిచ్చాడు, మూడో ఆయన తెలుగులో ఇద్దర్నీ తిట్టాడు. ఉర్దూ ఆమెకు బాగానే వచ్చు. పత్తర్‌గట్టి దుకాణాల వాళ్లకు ముప్పై ఏళ్లు పాలు పోసింది. అయినా ఈ ఉర్దూ వేరే ఏదోలా ఉంది, మాటలన్నీ తెలిసినట్టే ఉండి ఏదీ అందలేదు. మధ్యలో పక్కన కూర్చున్న సభ్యుడు చెయ్యి ఎత్తితే తనూ ఎత్తింది. దించాక మెల్లగా అడిగింది.

"అన్నా, దేనికి ఎత్తినం?"

"నాకేం తెల్సమ్మా. ముందున్నాయన ఎత్తిండు, నేను ఎత్తిన."

వాన కాలం మొదట్లో బల్దియా ఇంజనీరు కబురు పెట్టాడు. మంచి మనిషి. కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, నిదానంగా చెప్పాడు. "అమ్మా, నల్లా మా దాంట్లోకి రాదు. కరెంటు రాదు. రేషన్ రాదు. రోడ్డు, మురుగునీళ్ల మోరీ, దీపం, చెత్త, ఇవి మావి. మీ వార్డుకు ఏది ముందు కావాలో, ఏది తర్వాతో వరుసగా మూడు పనులు రాసియ్యండి. మొదటిది ఈ ఏడు పట్టుకుందాం."

ఎంతో తేలికగా వినిపించింది. ఇంటికి నడిచి వస్తుంటే బరువెక్కింది.

ఆదివారం మైసమ్మ గుడి ముందు అందర్నీ పిలిచింది. దుర్గయ్య, పాలవాళ్లూ తాముండే పై గల్లీకి సిమెంటు రోడ్డు కావాలన్నారు, వానకు బర్రెలు జారి కాళ్లు విరగ్గొట్టుకుంటున్నాయని. దుకాణాలవాళ్లు దీపాలన్నారు. ఒకరి మాట ఒకరు విననీయలేదు. ఎవరు చెప్పింది వింటే వాళ్లదే నిజమనిపించి ఆగమ్మకు తల తిరిగింది. అంత లొల్లిలోనూ ఆమెకు ఒకటి తట్టింది. కింది గల్లీ నుంచి ఒక్కరూ రాలేదు.

"వాళ్లకేం పని లేదా?" అని దుర్గయ్యను అడిగింది.

"వాళ్లు మనకు ఓటు వేసినోళ్లు కాదు వదినె. ఫికర్ చేయకు."

కింది గల్లీ ఎంతో దూరం లేదు. పై గల్లీ నుంచి వాలుగా దిగితే నూరు అడుగులు. దవాఖానల్లో ఆయాలు, బల్దియా సఫాయివాళ్లు, రిక్షా తొక్కేవాళ్లు ఉండే చోటు. వాళ్లు పాలు పావు లీటరు ప్యాకెట్టు కొనుక్కుంటారు కాబట్టి ఆగమ్మ క్యాను ఎప్పుడూ అటు దిగలేదు. ఆగస్టులో రెండు రోజులు విడవకుండా వాన కురిసింది. మూడో రోజు తెరిపి ఇవ్వగానే ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని దిగింది.

మోకాలి లోతు నీళ్లు. ఒక ఇంటి గడపలో నలభై ఏళ్ల ఆడమనిషి ఇనుప తట్టతో నీళ్లు బయటికి ఎత్తిపోస్తోంది. పేరు రాహేలు, సర్కారు దవాఖానలో ఆయా. లోపల మంచం నాలుగు కాళ్ల కిందా ఇటుకలు, మంచం మీద బియ్యం డబ్బా, బట్టలు, బైబిలు. గోడ మీద నీళ్ల మరకలు ఒకదాని మీద ఒకటి, ఏటేటా గీసినట్టు.

"ఎన్నొద్దుల నుంచి గిట్ల?" ఆగమ్మ అడిగింది.

"మీరు కొత్తగ చూస్తున్నరు అక్కా. మాకు పాతదే," రాహేలు ఎత్తిపోయడం ఆపలేదు. "కూసోమందామంటే జాగ లేదు. ఏమనుకోకుండ్రి."

నీళ్ల మీద ఏదో పచ్చగా తెట్టెకట్టి తేలుతోంది. ఆగమ్మ వంగి చేత్తో తీసింది. నమిలి వదిలిన వరిగడ్డి, బర్రె పెండ. వాసన చూడనవసరం లేదు, పుట్టినప్పటి నుంచి తెలిసిన వాసన. రాహేలు ఆమె చేతి వైపు చూసి మళ్లీ తట్ట ముంచింది. ఆగమ్మ చెయ్యి చీరకు తుడుచుకొని వెనక్కి తిరిగింది.

మర్నాడు మోరీలు తీసే సాయిలును పిలిచి, కింది నుంచి పై దాకా మోరీ మీది బండలు ఒక్కొక్కటే లేపమంది. ప్రతి బండ కిందా అదే. చివరి బండ లేపేసరికి ఇద్దరూ ఆమె బర్రెల కొట్టం వాకిట్లోనే నిలబడి ఉన్నారు. రోజూ పొద్దున సోమయ్య కొట్టం కడిగిన నీళ్లు ఎక్కడ మోరీలో పడతాయో, అక్కడ.

"నీకు ముందుగాల్నే ఎరుకనా?"

సాయిలు తల గోక్కున్నాడు. "మస్తు ఏండ్ల సంది ఎరుక అమ్మా. మేం తీస్తనే ఉంటం, మీ అరవై కొట్టాలు నింపుతనే ఉంటయి."

"మరి చెప్పలేదేంది?"

"ఎవ్వరికి చెప్పాలె? పండుగకు నా గిన్నెల పెరుగు పోసేది మీరేనాయె."

ఇంజనీరు అడిగిన కాగితంలో ఏం రాయించాలో తెలిసిపోయిందనే అనుకుంది. కానీ ఆ వారమే సభలో ఒక మాట లేచింది. పట్నం నడుమ బర్రెలు ఉండడం వల్లే దోమలు, రోగాలు పెరుగుతున్నాయని, కొట్టాలన్నీ ఊరి బయటికి పంపాలని ఒక సభ్యుడు గట్టిగా మాట్లాడాడు. ఈసారి ప్రతి మాటా అర్థమయింది. సాయంత్రానికి దుర్గయ్య పదిమందిని వెంటేసుకొని వాకిట్లోకి వచ్చాడు.

"ఊరి బయటికి పోతే ఎవ్వరికి పోయాలె పాలు? గిసొంటి రోజు వస్తదనే నిన్ను గెలిపించినం వదినె. నువ్వు నోరు విప్పి ఆపాలె."

ఆపాలి. అది నిజమే. మరి మోరీలు పెండతో నిండుతున్నాయని తన వేలిముద్రతో తానే కాగితం ఇస్తే, ఆ సభ్యుడు దాన్నే పట్టుకొని ఊపుతాడు. ఇవ్వకపోతే కింది గల్లీ మునుగుతూనే ఉంటుంది. రెండు వైపులా మనుషులే, రెండు వైపులా న్యాయమే కనిపిస్తోంది. ఆగమ్మకు నాలుగు రోజులు అన్నం సయించలేదు. చేదబావి దగ్గర కూర్చుంటే పై గల్లీ గుర్తుకొచ్చేది, మేత వేస్తుంటే కింది గల్లీ.

"బర్రెలు మనవి, మోరీ బల్దియాది, మునిగే ఇల్లు రాహేలుది. నేను ఎవ్వరి దిక్కు ఏమయ్యా? ఎవ్వరినన్న అడగాల్నా?"

"అడగకు," అన్నాడు సోమయ్య. "అడిగితే జవాబు చెప్తరు."

ఆఖరికి కాగితం, పెన్ను కొనుక్కొని కింది గల్లీకే పోయింది. రాయమని అడగడానికి చదువు వచ్చినవాళ్లు పై గల్లీలో లేక కాదు. ఎందుకు పోయిందో ఆమే తర్వాత చెప్పలేకపోయింది. రాహేలు డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని, గడపలో కూర్చొని రాసింది. మొదటి పని, కింది గల్లీ మోరీ వెడల్పు చేసి కొత్తగా కట్టాలి. ఎందుకు కట్టాలి అన్నచోట పెన్ను ఆపింది.

"అక్కా, 'పెండ' అని రాయాల్నా, 'చెత్త' అని రాయాల్నా?"

ఆగమ్మ కాగితం మీది గీతల వైపు చూసింది.

"చెత్త అని రాస్త. చెత్త అందరిండ్లల్ల ఉంటది. మీకు తిప్పలుండది."

ఇంట్లోకి నీళ్లొచ్చేది ఈమెకు. కాపాడుతున్నది తనను. ఎందుకో ఆగమ్మకు బోధపడలేదు. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. "గిప్పుడే రాయకు," అని లేచింది. "నాకొక పనున్నది. అది చేసి వస్త."

మర్నాడు కొట్టంలో మోరీ వైపున్న మూలను తవ్వించింది. రెండు బర్రెలు కట్టేసే జాగా అది. ఆ రెంటినీ చాంద్రాయణగుట్ట దగ్గరున్న చెల్లెలింటికి తోలింది. తోలేటప్పుడు సోమయ్య బయటికి రాలేదు. గుంట చుట్టూ రాళ్లు పేర్చి, పెండ, గడ్డి అందులో పడేసి, నిండితే రైతుల బండికి ఎత్తించేటట్టు మాట్లాడుకుంది. కొట్టం కడిగిన నీళ్లకు అడ్డంగా జల్లెడ రేకు పెట్టింది. దుర్గయ్య వచ్చి చూసి అరిచాడు.

"నువ్వు గుంట తవ్వితే రేపు మమ్మల్ని గూడ తవ్వమంటరు! అరవై ఇండ్ల కడుపు మీద కొడ్తున్నవు వదినె!"

"గుంట ఉన్నోనికి ఊరి బయటికి పొమ్మనే మాట ఉండదు గదా, దుర్గయ్యా?"

"గట్లని ఎవ్వరు చెప్పిండ్రు నీకు?"

ఎవరూ చెప్పలేదు. ఆమెకే అట్లా తోచింది. అది నిజమవునో కాదో ఆమెకూ తెలియదు. దుర్గయ్య ఆ రోజు నుంచి ఆమె వాకిలి తొక్కలేదు. ఆమెను చూసి తమ కొట్టాల్లో గుంట తవ్విన వాళ్లు ఇంకో నలుగురే.

తిరిగి పోయి రాహేలుతో "పెండ" అనే రాయించింది. దాని పక్కన "మా ఇంటిది మొదలుకొని" అని కూడా రాయించింది. రాహేలు రాసి, చదివి వినిపించి, ఆమె బొటనవేలికి సిరా రాసింది.

ఇంజనీరు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ చదివాడు. "అమ్మా, నా సర్వీసుల ఎవ్వరు గూడ తమ మీద తామే ఫిర్యాదు రాసియ్యలేదు. ఇది ఫిర్యాదా, దరఖాస్తా?"

"నాకు గూడ సమజ్ కాలేదు సారూ. మీరే ఏదన్న ఒకటి అనుకోండ్రి."

ఆయన నవ్వలేదు. దరఖాస్తుల కట్టలో పెట్టుకున్నాడు.

సభలో కొట్టాల సంగతి మళ్లీ వచ్చినప్పుడు ఆగమ్మ మొదటిసారి లేచి నిలబడింది. వచ్చిన తెలుగులో కొంత, వచ్చిన ఉర్దూలో కొంత చెప్పింది. మా బర్రెల వల్ల మోరీ నిండేది నిజం, గుంట తవ్వితే నిండనిది కూడా నిజం, వచ్చి చూసుకోండి అని. కొందరు బల్లలు చరిచారు, కొందరు నవ్వారు. గెలిచిందో ఓడిందో తెలియక ఆమె అట్లాగే నిలబడి ఉంటే పక్కాయన కొంగు లాగి కూర్చోబెట్టాడు. ఆ మాట తర్వాతి సభకు వాయిదా పడింది, ఆ పై సభకూ పడింది. ఆమె పదవిలో ఉన్న అయిదేళ్లూ వాయిదా పడుతూనే ఉంది.

కింది గల్లీ మోరీ పని మొదలై, సగం తవ్వాక బండరాయి తగిలింది. దాన్ని పగలగొట్టి పూర్తి చేసేసరికి మరుసటి ఏడు వాన కాలం వచ్చింది. ఆ ఏడు రాహేలు ఇంట్లోకి నీళ్లు రాలేదు. కింది గల్లీ వాళ్లు మేళంతో వచ్చి ఆగమ్మకు దండ వేయబోయారు.

"ఆగుండ్రి," అంది ఆమె. "వాన ఏడ పడ్డది గీ ఏడు?"

నిజమే. ఆ ఏడు కరువు. పట్నమంతా బిందెలు పట్టుకొని తిరిగింది. నీళ్లు ఆగింది మోరీ వల్లనో, గుంటల వల్లనో, వాన పడకపోవడం వల్లనో ఎవరికీ తెలియలేదు. అయినా వాళ్లు దండ వేసి పోయారు.

ఆ మరుసటేడు వాన గట్టిగా కొట్టింది. ఆగమ్మ తడుస్తూనే దిగి పోయి రాహేలు గడపలో నిలబడింది. నీళ్లు గడపకు జానెడు కిందికి వచ్చి ఆగాయి, కాసేపు అక్కడే ఊగాయి, తర్వాత మెల్లగా తీశాయి. ఇద్దరాడవాళ్లూ నీళ్ల వైపే చూస్తూ నిలబడ్డారు.

"అరవై కొట్టాలకు అయిదే గుంటలు. మరి ఎట్ల ఆగినయి?" అంది ఆగమ్మ.

"పన్నెండు అక్కా. సాయిలు చెప్పిండు. మీ మరిది గూడ తవ్విండంట, మొన్న బోనాల ముందట."

దుర్గయ్య ఆమెతో ఆ మాట అనలేదు. వదిన మీది మమకారంతో తవ్వాడో, పెండకు రైతుల దగ్గర మంచి గిరాకీ వచ్చిందని తవ్వాడో, సఫాయివాళ్లు నస పెడితే తవ్వాడో ఆమెకు తెలియదు. అడుగుదామని ఒకటి రెండుసార్లు అతని కొట్టం దాకా పోయింది. అతడు బర్రెలకు మేత వేస్తూ, "రా వదినె, చాయ్ తాగుదువు," అన్నాడు. ఆమె తాగి వచ్చేసింది.