ముప్పేట పందెం, ఒక గ్లాసు మజ్జిగ

ఈ మధ్య మా వీధి కుర్రాళ్ళు రంగురంగుల బూట్లు వేసుకుని పొద్దున్నే పరుగులు తీస్తుంటే అరుగు మీద కూర్చుని చూస్తుంటాను. వాళ్ళలో ఒకడు మొన్న ఈత, సైకిలు, పరుగు మూడూ ఆగకుండా చేసే పందెంలో పాల్గొన్నానని గొప్పగా చెప్పాడు. నేనూ పాల్గొన్నానోయ్ అనబోయి నాలుక కరుచుకున్నాను. అంటే 'ఏమైందండీ' అని అడుగుతాడు. ఏమైందో తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

అవి డెబ్భైల నాటి మాటలు. నేను బెజవాడలో బీకాం రెండుసార్లు తప్పి, మూడోసారి తప్పడానికి శ్రద్ధగా తయారవుతున్నాను. మా పేట కుర్రాళ్ళ సంఘానికి పెద్దదిక్కుగా ఉండే డ్రిల్లు మాస్టారికి హఠాత్తుగా ఒక ఆలోచన వచ్చింది. బందరు కాలువలో ఈదాలి, గట్టెక్కగానే సైకిలెక్కి బందరు రోడ్డు మీద పటమట దాటి కంకిపాడు దాకా తొక్కి వెనక్కి రావాలి, ఆ తర్వాత మా పేట మైదానం దాకా పరిగెత్తాలి. దానికి 'ముప్పేట పందెం' అని ఆయనే పేరు పెట్టారు. గెలిచినవాడికి ఫొటో తీసి తన దుకాణం అద్దాల్లో పెడతానని స్టూడియో ఆయన ఒప్పుకున్నాడు. నాకు కావలసింది ఆ ఫొటో ఒక్కటే. అందులోనూ కళ్ళజోడు లేని ఫొటో. (నాది సోడాబుడ్డి కళ్ళజోడు. అది తీస్తే ఎదురుగా ఉన్నది మనిషో, కరెంటు స్తంభమో అది కదిలితే గాని తెలిసేది కాదు.)

ఆ ఏడే మా అక్కని పటమటలో ఇచ్చారు. పెళ్ళిలో విడిదింటికి కాఫీ ఆలస్యంగా వెళ్ళిందని, వెళ్ళింది కూడా చల్లారిపోయిందని అక్క అత్తగారికి మా మీద కోపం. అప్పట్నుంచీ ఆవిడ మా గుమ్మం తొక్కలేదు. మేం వెళ్తే 'ఆఁ, రండి' అని లోపలికి వెళ్ళిపోయేది. మధ్యలో నలిగిపోయింది మా అక్క. అలాంటిది పందెం సంగతి వినగానే ఆవిడకి ఏమనిపించిందో, 'మీ తమ్ముడు మన ఇంటి ముందు నుంచేగా వెళ్తాడు. ఎండన పడి వస్తాడు, నేనే మజ్జిగ కలిపి ఇస్తాను' అందట. అక్క ఆ సాయంత్రమే రిక్షా కట్టించుకుని మా ఇంటికి వచ్చేసింది.

"ఒరేయ్, నీకు దణ్ణం పెడతాను. నీలం తలుపుల ఇల్లు, గుర్తుందిగా? ఒక్క గుక్క తాగి, 'బావుందండీ అత్తయ్యగారూ' అని వెళ్ళిపో. ఆవిడ నాతో నవ్వుతూ మాట్లాడి ఎన్నాళ్ళయిందో తెలుసా?" అంది.

"ఒక్క గుక్కేం ఖర్మ, రెండు గ్లాసులు తాగుతాను" అన్నాను.

పందెం రోజున కాలువ నీళ్ళే నన్ను తోసుకుపోయాయి కాబట్టి రెండోవాడిగా గట్టెక్కాను. నా ముందు రైల్వే కాలనీ అబ్బాయి ఒక్కడే, తెల్ల బనియను. నా బట్టలు పట్టుకుని నిలబడ్డ స్నేహితుడు (వాణ్ణి బొండాం అనేవాళ్ళం) "ఒరేయ్, కళ్ళజోడురా!" అని వెంటపడ్డాడు. "ఉంచరా, ఫొటో అయ్యాక ఇద్దువుగాని!" అని తడి ఒంటి మీదే బనియను తగిలించి సైకిలెక్కేశాను.

పటమట వచ్చింది. నీలం తలుపులు గుర్తున్నాయి, కానీ తలుపులే కనపడకపోతే ఇంక నీలం ఎక్కణ్ణుంచి వస్తుంది? రోడ్డు పక్కన జనం ముద్దగా కనపడ్డారు. ముందు తెల్ల బనియను దూరమైపోతోంది. ఇంతలో చీర కట్టుకున్న ఆకారం ఒకటి మెల్లగా రోడ్డు మధ్యకి వచ్చి చెయ్యెత్తి నిలబడింది. నేను బెల్లు కొడుతూ, గొంతు చించుకుని, "తప్పుకోవే ముసలిదానా! చస్తావ్!" అని అరిచి పక్కనుంచి దూసుకుపోయాను. వెనక ఏదో ఖణేల్‌మని పడింది. ఒంటి మీద చల్లగా చిందింది. ఎవరో వాకిట్లో కళ్ళాపి చల్లుతున్నారనుకున్నాను. పెదవి మీద ఉప్పగా తగిలితే చెమటనుకున్నాను.

తెల్ల బనియనుని మాత్రం వదల్లేదు. కంకిపాడులో ఎవరో "అటు కాదు, అటు కాదు" అని అరిస్తే నన్ను హుషారు చేస్తున్నారనుకుని ఇంకా గట్టిగా తొక్కాను. ముందు సైకిలు నుంచి డబడబ చప్పుడు వస్తూనే ఉంది. రైల్వేవాళ్ళ సైకిలు కదా, ఆ మాత్రం చప్పుడు ఉంటుందిలే అనుకున్నాను. ఉయ్యూరు దారిలో చాలా దూరం వెళ్ళాక ఆ మనిషి సైకిలు దిగి వెనక్కి తిరిగాడు.

"ఏందయ్యా, ఇందాకట్నుంచి నా ఎనకాలే వస్తన్నావు? పాలు అయిపోయినయ్. ఇయ్యన్నీ ఖాళీ క్యాన్లే" అన్నాడు.

వెనక్కి తిరిగి కంకిపాడు చేరేసరికి బొండాం నన్ను వెతుక్కుంటూ వచ్చి చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. పందెం అయిపోయిందట, ఫొటో కూడా తీసేశారట. నా చొక్కా, కళ్ళజోడు చేతికిచ్చి, "ఒరేయ్, మీ అక్కా వాళ్ళ అత్తగార్ని నడిరోడ్డు మీద ముసలిదానా అన్నావంట గదరా! పటమటంతా అదే చెప్పుకుంటన్నారు" అన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని చూసుకుంటే నా బనియనుకి ఒక కరివేపాకు అతుక్కుని ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. పందెం పోయినందుకు కాదు. అక్క ఇప్పుడు ఆ ఇంట్లో తల ఎలా ఎత్తుకుంటుందోనని.

పటమట దాకా సైకిలు నడిపించుకుంటూనే వెళ్ళాను. తొక్కితే తొందరగా చేరిపోతానని భయం. నీలం తలుపులు ఈసారి స్పష్టంగా, మరీ స్పష్టంగా కనపడ్డాయి. వాటిని చూడలేక కళ్ళజోడు తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. అరుగు మీద ఒక పెద్దావిడ ఆకారం కనపడింది. ఇంకేమీ ఆలోచించకుండా వెళ్ళి రెండు కాళ్ళూ పట్టేసుకుని, "తప్పయిపోయిందండీ అత్తయ్యగారూ, మా అక్కని ఏమీ అనకండి" అన్నాను.

"అయ్యో, నా కాళ్ళట్టుకుంటావేంది బాబూ! రొయ్యలు కావాలంటే అడుగు, ఇస్తాగా!" అంది ఆవిడ. గంప దించుకుని కూర్చున్న చేపలావిడ! (వాసనకైనా తెలియాలి కదా అంటారేమో. ముక్కు నిండా కాలువ నీళ్ళేనండీ.)

గాభరాగా లేవబోతే జేబులోంచి కళ్ళజోడు జారి అరుగు మీద పడింది. వెంటనే గుమ్మంలోంచి అక్క అత్తగారి గొంతు వినపడింది. "కళ్ళజోడు దగ్గరుంచుకుని ఎందుకు పెట్టుకోలేదయ్యా?"

"మీ ముఖం చూసే ధైర్యం లేక తీసేశానండీ" అన్నాను.

ఆవిడ గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు పక్కన అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. అంతా అయిపోయిందనుకున్నాను. కాసేపటికి ఆవిడ చేతిలో గ్లాసుతో వచ్చింది. అక్కకేసి తిరిగి, "ఏమ్మాయ్, ఈ గ్లాసు మీ తమ్ముడి చేతిలో పెట్టు. నోరెక్కడుందో కూడా చూపించు, పాపం" అని పకపకా నవ్వింది. చేపలావిడా నవ్వింది. అక్క కూడా నవ్వడం మొదలుపెట్టి, మధ్యలో ఏడ్చేసింది. మజ్జిగలో ఉప్పు బాగా ఎక్కువైంది. చివరి చుక్క దాకా తాగి, "బావుందండీ అత్తయ్యగారూ" అన్నాను.

చాలా ఏళ్ళ తర్వాత ఆవిడకి కళ్ళ ఆపరేషన్ అయిందంటే చూడ్డానికి వెళ్ళాను. అప్పటికి నా జుట్టు సగం పోయింది, మిగిలిన సగం నెరిసింది. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. నేను ఎదురుగా నిలబడగానే కళ్ళు చికిలించి, "ఎవడ్రా అది? తప్పుకో ముసలాడా, వెలుతురు రావట్లేదు!" అంది. కళ్ళజోడు ఆవిడ ఒళ్ళోనే ఉంది. నిజంగా కనపడకే అందో, ఇన్నేళ్ళూ దాచుకుని అందో నేను అడగలేదు. ఇంటి నుంచి ఫ్లాస్కులో తెచ్చిన కాఫీ చల్లారకముందే ఆవిడ చేతిలో పెట్టి, పక్కకి తప్పుకున్నాను.