చిలక గొంతులో సభాపతి

శాసనసభలో ఎవరు ఏ భాషలో మాట్లాడినా, వెనక అద్దాల గదిలో కూర్చుని అప్పటికప్పుడు తమవాళ్ళ భాషలోకి మార్చి చెప్పడం ఆమె ఉద్యోగం. ఆ మాటలే రేడియోలో వస్తాయి. లోపల బల్లలు విరిగేంత గొడవ జరిగినా, రేడియోలో మాత్రం జోలపాట. ఇంట్లోవాళ్ళు ఆమెను చిలక అనేవారు.

ఆ ఉదయం గదిలోకి వెళ్ళబోతుంటే అక్క ఫోన్ చేసింది. అక్కావాళ్ళ ఇల్లు ఆనకట్టకు సరిగ్గా దిగువన.

"చిలకా, కట్ట బీటలోంచి బురదనీళ్ళు వస్తున్నాయే! మూటలు కట్టేశాను. మీ బావేమో కదలరు. సభలో దీని సంగతి అడుగుతారటగా, ఏమంటారో విని వెళ్దామంటారు."

"వినేదేముందక్కా? ముందు పిల్లల్ని తీసుకుని బయల్దేరండి!"

"చెప్పి చూస్తాలే."

సభ మొదలయ్యే గంట మోగడంతో ఆమె ఫోన్ పెట్టేసి అద్దాల గదిలోకి వెళ్ళి కూర్చుంది.

దిగువ ప్రాంతపు సభ్యుడు లేచి, మిగతా పనులన్నీ ఆపి ఆనకట్టపై అత్యవసర చర్చ జరపమన్నాడు. ఒప్పుకో తండ్రీ, ఒప్పుకో, అని ఆమె లోలోపలే సభాపతికి దణ్ణం పెట్టుకుంది.

"బీట కిందటి నెలలోనే పడింది కదా," అన్నాడు సభాపతి.

"బీట పాతదే అయ్యా! నీళ్ళు ఇవాళ్టివి!"

కొత్తగా పుట్టిన ప్రమాదానికే అత్యవసర చర్చ అట. ముదిరిన ప్రమాదం వరసలో నిలబడాలి. సభాపతి తల అడ్డంగా ఊపి, బీట సంగతి విచారణ సంఘం చూస్తోందని, ఇందులో అత్యవసరం కనిపించడం లేదని తీర్పు చెప్పాడు.

అదీ ఆమే చెప్పాలి. బావ చెవిన పడేది ఈ మాటేనని తెలుసు. గొంతు కాస్తయినా వణికితే బాగుండునని ప్రాణం కొట్టుకుంది. ఏళ్ళ తరబడి అలవాటైన పాడు గొంతు వింటేనా! "ఇందులో అత్యవసరం నాకు కనిపించడం లేదు," అని మెత్తగా, నింపాదిగా పలికింది. తన నోరంటే తనకే భయమేసింది.

విరామం ఇవ్వగానే వరండాలోకి పరుగెత్తి ఫోన్ చేసింది.

"బయల్దేరారా?"

"ఎక్కడికే? మూటలు విప్పేశాం. చిలకే అంత నిమ్మళంగా చెప్తుంటే మనకెందుకు కంగారన్నారు మీ బావ."

"అది నా మాట కాదక్కా, సభాపతిది! నాకిక్కడ గుండె ఆగిపోయేలా ఉంది. కదలండి!"

"గొంతు నీదేగా," అక్క నవ్వింది. "పిల్లలు ఆకలంటున్నారు. అన్నం పెట్టేసి మళ్ళీ చేస్తానుండు."

ఆమె వెంటనే మళ్ళీ కలిపింది. మోగుతోంది గాని ఎవరూ ఎత్తడం లేదు. అన్నం పెడుతోందేమోలే అనుకుంటూ, ఇంకోసారి నొక్కింది.