బాషా కటింగ్ షాపులో నా విజయం

నా తల చూసి ఎవరూ పరామర్శకు రాకండి, ఇంట్లో అందరూ క్షేమమే! మొన్న శనివారం మదనపల్లెలో నేను నా హక్కు సాధించుకున్నాను. ఇది దాని ఫలితం.

ఆ సాయంత్రం కుప్పంలో మహిళా సభ. ముఖ్య అతిథిని నేనే. పొద్దున్నే ఫోన్లో వీడియో పెట్టుకుని, అద్దం ముందు నిలబడి, జుట్టు నేనే కత్తిరించుకున్నాను. ఎడమవైపు భుజం దాకా, కుడివైపు చెవి దాకా వచ్చింది! ఆ తలతో మైకు ముందు ఎట్లా నిలబడేది?

వీధి చివర బ్యూటీ పార్లర్‌కు పరుగెత్తాను. ఓనరు రాజేశ్వరి తలుపు సగమే తీసింది.

"మీరు పత్రికలో రాసింది చదివినాం మేడం. పార్లర్లంటే ఆడోళ్లకు సిగ్గు నేర్పే అంగళ్లంట గదా! మా అంగట్లో మీకు పని చెయ్యం."

"అది వ్యవస్థ మీద విమర్శ రాజేశ్వరీ, నీ మీద కాదు!"

"అంగడి నాది, ఇష్టం నాది." తలుపు పడింది.

ఒళ్ళు మండింది. కానీ నా అంగడి నా ఇష్టం అని తెగేసి చెప్పే ఆడమనిషితో నాలాంటిది ఏమని పోట్లాడుతుంది? లోలోపల మెచ్చుకుంటూనే వెనక్కి తిరిగాను.

ఎదురుగా బాషా కటింగ్ షాపు. నేరుగా లోపలికి వెళ్ళాను. గడ్డం గీస్తున్న కత్తి ఆగిపోయింది. కుర్చీలో సగం మొహం నురగతో ఒక పెద్దమనిషి నన్ను అద్దంలో చూసి ఉలిక్కిపడ్డాడు.

"యాడికమ్మా? ఇది జెంట్స్ షాపు," అన్నాడు బాషా.

"కటింగ్‌కు."

"ఆడోళ్లకు చెయ్యనమ్మా."

ఆహా! ఈ ఒక్క మాట ఎవరైనా అంటారా అని నేనెంత కాలంగా కాచుకుని ఉన్నానో! "ఏం బాషా, రాజ్యాంగం తెలుసా? అంగడి తెరిచినాక ఆడదని చెప్పి వెనక్కి పంపే హక్కు నీకు లేదు!"

నురగ మొహం పెద్దమనిషి చెయ్యెత్తాడు. ఆయన లాయరట!

"అమ్మా, అంగడాయన గిరాకీని వద్దనొచ్చు. తాగొచ్చినాడనో, గలాటా చేస్తాండాడనో, ఆ పని తనకు రాదనో. ఆడదని, ఫలానా కులమని, మతమని వద్దంటే మాత్రం తప్పు."

"విన్నావా బాషా?"

"రాదనే గదా సార్ నేను చెప్తాండేది! ఆడోళ్ల కటింగ్ నేను యాడా నేర్సుకోలే!"

"మా ఇంట్లో మగవాళ్ళకు వంట రాదు, నీకు కటింగ్ రాదు. ఈ సాకులన్నీ నాకు తెలుసు!"

లాయరుగారు నా మొహం చూసి, సగం గడ్డంతోనే కుర్చీ ఖాళీ చేశారు. కూర్చున్నాను. విజయం!

బాషా "బిస్మిల్లా" అని కత్తెర పట్టాడు. కుడివైపుకు తగ్గట్టు ఎడమవైపు కత్తిరించాడు. అది ఇంకా పొట్టిదైంది. దానికి తగ్గట్టు కుడివైపు. చెవులు రెండూ బయటపడ్డాయి.

"చాలిస్తామా అమ్మా?" అన్నాడు, కత్తెర పక్కన పెట్టబోతూ.

"భయపడకు. రెండు వైపులా సమానంగా రావాలి!" సమానత్వం విషయంలో నేను రాజీపడనని మీకు తెలుసు గదా.

వెనక ఒకచోట మాడు కనిపించింది. అప్పుడు మొదటిసారి బాషా మొహం వెలిగింది. "మిషన్‌తో జీరో కొట్టేస్తానమ్మా, అదైతే నాకు బాగా వచ్చు!"

కుర్తా, జీన్సూ, జీరో తలతో కుప్పం బస్సెక్కి ఆడవాళ్ళ సీట్లో కూర్చున్నాను. పుంగనూరులో ఒక అవ్వ ఎక్కింది.

"ఏమప్పా, ఆడోళ్ల సీట్లో కూర్చుండావే! లేయ్!"

"నేను ఆడదాన్నే అవ్వా," అంటూ ఆధార్ కార్డు తీసి చూపించాను. అందులో పాత ఫోటో, పొడుగు జడ. అవ్వ దాన్ని లాక్కుని అందరికీ చూపించింది.

"సూడండమ్మా! పెండ్లాం కార్డు తెచ్చుకోని ఫ్రీగా పోతాండాడు!"

బస్సంతా ఒకటే నవ్వు! "అవ్వా, నా గొంతు విను!" అని కీచుమన్నాను. అవ్వ వంగి నా చెవికమ్మలు చూసింది. టక్కున రెండు చేతులూ జోడించింది.

"అయ్యో తల్లీ! తిరపతి కొండకు పొయ్యొస్తాండావా? తలనీలాలిచ్చినావా?"

వెనక నుంచి ఎవరో "గోవిందా!" అన్నారు. బస్సంతా అందుకుంది.

దేవుడు లేడంటూ నేను రాసిన వ్యాసాలన్నీ కళ్ళ ముందు తిరిగాయి. నిజం చెబితే సీటు పోతుంది.

"రవ్వంత లడ్డు ఉంటే పెట్టు తల్లీ," అంది అవ్వ, చెయ్యి చాస్తూ.

"అయిపోయింది అవ్వా," అన్నాను. "వచ్చేసారి తెస్తాలే."