ఘాటీ దిగే బండికి నిండు బ్యాటరీ

2023 డిసెంబరు. చింతపల్లిలో నా షెడ్డు ముందు కాసేపు మంట కాచుకుంటేగానీ చేతికి స్పానరు పట్టు చిక్కని చలి. అప్పటికి ఇరవై రెండేళ్లుగా ఈ కొండల్లో జీపులు బాగుచేస్తున్నాను. ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పేస్తానని నాకో పేరుంది. ఆ పేరు పెట్టుకున్నది నేనే అనుకోండి. అలాంటి నా దగ్గరికి చప్పుడే చేయని బండి వచ్చింది.

ఘాటీ రోడ్డు దిగడం మొదలయ్యే చోటే ఉన్న ఒక ఊరిలో, కాఫీ రైతుల మహిళా సంఘం కొనుక్కున్న చిన్న ఎలక్ట్రిక్ వ్యాను అది. కొనేముందు సంఘం వాళ్లు నన్నూ సలహా అడిగారు. హైడ్రోజన్ బండ్లు వస్తున్నాయట కదా అంది ఒకావిడ. వస్తున్నాయి నిజమే, కానీ హైడ్రోజన్‌ను బాగా అదిమి గట్టి సిలిండర్లలోకి ఎక్కించాలి. అలా ఎక్కించే బంకు మా కొండల చుట్టుపక్కల ఎక్కడా లేదు. సీఎన్‌జీ, అంటే ఒత్తిడితో నింపే సహజవాయువు, దానికీ మైదానంలోకి దిగాల్సిందే. గ్యాసు కోసం దిగాలి, దిగి ఎక్కేసరికి అయిపోయిన గ్యాసు కోసం మళ్లీ దిగాలి. కరెంటు మాత్రం, వచ్చీపోయే చుట్టంలాగైనా, ప్రతి ఇంటికీ వస్తుంది. అందుకే కరెంటు బండికి ఓటేశాను. దాన్ని బాగుచేయడం నీకొచ్చా అని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

బండి తోలేది ఆ ఊరి పిల్లే, సుమిత్ర. లైసెన్సు తీసుకుని, సంఘంలో సగం మంది వద్దన్నా పట్టుబట్టి స్టీరింగు పట్టింది.

"మేస్త్రన్నా, బస్తాలేసుకుని దిగతంటే పై మలుపుల్లో బండి ఆగట్లేదు. యాక్సిలరేటరు మీంచి కాలు తీసినా జారిపోతంది. బ్రేకు కంపు కొడతంది" అంది.

బ్రేకు డ్రమ్ములు విప్పాను. లోపల చక్రాన్ని పట్టి ఆపే లైనర్లు మాడిపోయి ఉన్నాయి. కొత్తవి వేసి, "ఇంక బెంగలేదు, పో" అన్నాను. నాలుగు రోజుల్లో అదే కంపుతో తిరిగొచ్చింది. బండి అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే, డ్రైవరు బ్రేకు మీదే కాలు పెట్టి తోలుతోంది అన్నారు. సిగ్గుపడే చెబుతున్నాను, నాకూ అదే అనిపించింది. పైకి అనేశాను కూడా.

సుమిత్ర ముఖం ఎర్రబడింది. "నా కాలిదే తప్పయితే, మధ్యలో ఆ చిన్న మిట్ట ఎక్కేక, కింద మలుపుల్లో ఎందుకు బాగుంటాదన్నా? అక్కడ కాలు మార్సుకుంతన్నానా ఏటి?"

జవాబు తెలియనప్పుడు నేను టీ తాగుతాను. ఆమె తాగనివ్వలేదు.

"వచ్చే సంత లోపు బాగవ్వకపోతే బండి ఎనక్కిచ్చేసి జీపులు మాటాడుకుంటామని లచ్చమత్త సెప్పేసింది. నాను మళ్లీ గంపెత్తుకోడమే. నువ్ బేగి రా, పక్కన కూకో. తోలి సూపిత్తాను."

లచ్చమ్మ సంఘం అధ్యక్షురాలు. ఆవిడ చెప్పేసిందంటే చెప్పేసినట్టే.

మర్నాడు పొద్దున బస్తాలతో ఆ ఊరి నుంచే బయల్దేరాం. ఎలక్ట్రిక్ బండిలో యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే మోటారు డైనమోగా మారుతుంది. చక్రాల వేగాన్ని కరెంటు చేసి బ్యాటరీకి పంపుతుంది. ఆ పనిలో బండి నెమ్మదిస్తుంది. దీన్ని రీజెనరేటివ్ బ్రేకింగ్ అంటారు. జీపును గేరు తగ్గించి దింపడం లాంటిదే. పై మలుపుల్లో సుమిత్ర కాలు తీసింది. ఏమీ జరగలేదు. బండి జారుతూనే ఉంది, భారమంతా బ్రేకు మీదే. మధ్యలో ఆ మిట్ట ఎక్కాం. మళ్లీ దిగుడు మొదలైంది. ఈసారి కాలు తీయగానే ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు బండి నెమ్మదించింది.

నేను మీటరు చూశాను. ఊళ్లో నూటికి నూరున్న ఛార్జి, మిట్ట ఎక్కాక కాస్త తగ్గింది.

"ఎంత ఛార్జి పెడతన్నావు?"

"నిండా. బంకు నేని దారిలో ఎవులైనా సగం టాంకీతో దిగతారా?"

దిగరు. ఘాటీ ఎక్కే ముందూ దిగే ముందూ టాంకీ నింపుకోమని ఇరవై రెండేళ్లుగా ప్రతి జీపు డ్రైవరుకూ నూరిపోసింది నేనే. కానీ నిండిన బ్యాటరీలో కొత్త కరెంటుకు చోటేదీ? చోటు లేకపోతే మోటారు పట్టడం మానేస్తుంది. మన ఇళ్లలో బియ్యం నిండుకున్నాయంటే అయిపోయాయని అర్థం. ఈ బండిలో బ్యాటరీ నిండితే ఒక బ్రేకు నిండుకున్నట్టే.

మందు తేలిక. ఊళ్లో ముప్పావు వంతే ఛార్జి పెట్టాలి, దిగుతూ సంపాదించుకోవాలి, కింద కాఫీ దించే గోడౌనులో నింపుకుని ఖాళీ బండితో ఎక్కాలి. మందు మింగించడమే కష్టం.

"తక్కువ ఛార్జితో పంపుతావా?" అంది లచ్చమ్మ. "దారిలో ఆగిపోతే బస్తాలు నువ్ మోత్తావా?"

"మోస్తాను" అన్నాను. నా నడుము నా మాట నమ్మలేకపోయింది.

"నాను మోయనిత్తానా అత్తా? ఎక్కు" అంది సుమిత్ర.

సంత రోజున లచ్చమ్మ ముందు సీట్లో, నేను వెనక బస్తాల మీద. మొదటి మలుపులో సుమిత్ర కాలు తీసింది. బండి నెమ్మదించింది. రెండో మలుపులోనూ అంతే. అయిదారు మలుపులు దాటాక లచ్చమ్మ డాష్‌బోర్డు మీంచి చేతులు తీసి, చుట్ట వెలిగించింది. కిందికి చేరేసరికి ఛార్జి బయల్దేరినప్పటికన్నా ఎక్కువే ఉంది. నేను వంగి డ్రమ్ము మీద చెయ్యి పెట్టాను. గోరువెచ్చగా ఉంది. అయినా అలవాటుకొద్దీ ముక్కు ఎగబీల్చాను.

"ఆ కంపు నా సుట్టది, బండిది కాదు" అంది లచ్చమ్మ. తర్వాత సుమిత్ర వైపు తిరిగింది. "సూత్తావేటే, దించు బస్తాలు. రేపు పసుపు దింపాల."

ఆ వ్యాను ఇప్పటికీ దిగుతోంది, తోలేది సుమిత్రే. ఏ ఇంధనం మంచిదో కనిపెట్టినవాళ్లు చెప్పగలరు. అది ఏ దారికి ఎలా పనికొస్తుందో మాత్రం రోజూ ఆ దారిన తోలేవాళ్లకే తెలుస్తుంది. పై మలుపుల్లో, కాలు తీసినా జారిపోతోందని సుమిత్ర మొదటి రోజే చెప్పింది. నేను లైనర్లు మార్చాను.