కుట్టు వేసిన కార్డు

నిన్న మనుమరాలు మెడలోని పత్రికవాళ్ల కార్డు తీసి మంచం మీద విసిరేసింది. మొయినాబాద్‌లో రైతుల పొలాలు లాక్కుని కంచె వేస్తుంటే ఫోటో తీయబోయిందట, పోలీసాయన కెమెరాకు చెయ్యి అడ్డం పెట్టాడట. విసిరేసే వస్తువా అది అని ముందు కసిరాను. ఆ తర్వాతే నాకు మా అన్న కార్డు గుర్తొచ్చింది.

నిజాం సర్కారు రైతుల వడ్లను బలవంతంగా కొలిపించుకున్న లెవీ ధాన్యం కాలం గురించి మన ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ ఏడు తొలి కాన్పుకు చేవెళ్లలో పుట్టింటికి వచ్చాను. రెండో తరగతితో బడి మాన్పించిన నాకు లోకం తెలియదు గానీ, పట్నంలో పత్రికకు ఫోటోలు తీసే అన్నంటే మహా గర్వం. పత్రిక ముద్ర ఉన్న అట్టకార్డును గుండె జేబులో పెట్టుకుని, ఇది ఉండగా తననెవరూ ఆపలేరనేవాడు.

బిడ్డ పుట్టి ఇంకా పురుడు వెళ్లలేదు. ఒక పొద్దున అన్న పెరటి వాకిట్లోంచి ఉరికి వచ్చాడు. వీధి చివరి రైతు ఇంట్లో లెవీ జవాన్లు విత్తనపు వడ్లు కూడా ఎత్తుకుపోతుంటే, బస్తాను పట్టుకుని వేలాడుతున్న ఆయన భార్యను జవాను బూటుకాలితో తన్నడం ఫోటో తీశాడట. అప్పట్లో బొమ్మ గాజుపలక మీద పడేది. పట్నంలో మందునీళ్లలో కడిగేదాకా దానికి వెలుతురు తగలకూడదు. పరుగులో ఆ పలక పెట్టె, చుట్టిన నల్లగుడ్డలోనే పగిలింది. పలకను ఆ గుడ్డతోనే గడప మీంచి నా వైపు జరిపాడు. తోబుట్టువైనా పురిటిగదిలోకి రాకూడదు కదా.

"చెల్లె, వెలుతురు తగిల్తె ఆ తల్లి గోస ఎవ్వలకు కానరాదు. దాయి."

కిటికీ లేని గది, గడపకు వేపమండలు, గొంగడి తెర. పలకను పసిదాని పొత్తిళ్ల కింద పెట్టుకుని, గాజు పగులుతుందేమోనని కదలకుండా పడుకున్నాను.

అంతలోనే జవాన్లను వెంటబెట్టుకుని పోలీసు అమీన్ దిగాడు. అన్న కార్డు చూపించాడు.

"గీ అట్టముక్క పట్నంల చూపెట్టుకో. ఈడ బొమ్మ తియ్యాల్నంటె నా ఇజాజత్ గావాలె," అని దాన్ని నిలువునా చింపేశాడు. కెమెరా తెరిస్తే అందులో ఏమీ లేదు. ఇల్లంతా వెతికారు. అమీన్ చెయ్యి గొంగడి అంచు ఎత్తింది. వెలుగు గీత నా పాదాల దాకా పాకింది. పసిది ఏడుపు లంకించుకుంది.

మమ్మల్ని కన్న అవ్వ అడ్డం నిలబడింది. "బాలింత గది సాబ్! మీ ఇంట్ల పురుళ్లు గాలేదా? నిన్ను మీ అవ్వ బజార్ల కన్నదా?"

ఆ చెయ్యి ఆగిపోయింది. గొంగడి మళ్లీ వాలింది.

అన్నను ఠాణాకు తీసుకుపోయి సాయంత్రం దాకా కూర్చోబెట్టి వదిలారు. ఆ పలక గడ్డిబండిలో పట్నం చేరింది, బొమ్మ పత్రికలో పడింది, ఆ ఏడు మళ్లీ మా ఊరి విత్తనాల జోలికి ఎవరూ రాలేదు. అన్న కొత్త కార్డు అడుగుతానంటే, బాగున్న అట్టను పారేయడమెందుకని ఆ రెండు ముక్కలనూ నేనే నల్లదారంతో కలిపి కుట్టి ఇచ్చాను. కొలువు మానేదాకా ఆ కుట్టు కార్డే అతని జేబులో ఉంది.

మనుమరాలి కార్డు ప్లాస్టిక్‌ది, చింపినా చిరగదు. తీసిన బొమ్మను దాచే పనీ లేదట, ఆ క్షణానే పట్నం చేరుతుందట. సంతోషమే. కానీ అప్పటి చెయ్యి ఒక గొంగడి తెర ముందైనా ఆగింది. ఇప్పటి చెయ్యి దేని ముందు ఆగుతుందో నాకు తెలియడం లేదు. కార్డును కొంగుతో తుడిచి, మళ్లీ మనుమరాలి మెడలో వేశాను.